ఆకుపచ్చ మాత్ర – ఆసుపత్రి ఎర్ర మాత్ర

చాగలమర్రి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పొడుగాటి ఉత్తరం. సారాంశం మాత్రం చెబుతాను. ఆమె కోడలికి అయిదో నెల. ప్రభుత్వాసుపత్రిలో రక్తపరీక్ష చేసి హిమోగ్లోబిన్ 8.4 గ్రాములే ఉందన్నారు. రోజూ వేసుకోమని ఎర్ర మాత్రలు ఇచ్చారు. నాలుగు రోజులు వేసుకునేసరికి ఆ అమ్మాయికి కడుపులో తిప్పడం మొదలయింది. విరేచనం నల్లగా అయింది. ఇంటిల్లిపాదీ బెదిరిపోయారు. సరిగ్గా అప్పుడే దగ్గర చుట్టం ఒకాయన నంద్యాల నుంచి ఒక డబ్బా తెచ్చి ఇచ్చాడు. అందులో స్పిరులినా మాత్రలు అరవై. ఖరీదు ఆరు వందల రూపాయలు. "ఇది ప్రకృతి ఆహారం, ఇంగ్లీషు మందులాగా వేడి చెయ్యదు, రక్తం దానంతటదే పడుతుంది" అని ఆయన భరోసా. డబ్బాతోపాటు ఒక కరపత్రం కూడా ఉంది. కిలో స్పిరులినా వెయ్యి కిలోల కూరగాయలకు సమానమనీ, అంతరిక్షంలోకి వెళ్ళేవాళ్ళ ఆహారమనీ అందులో రాశారట. ఇప్పుడు ఆ సోదరి అడిగేది ఇది: ఎర్ర మాత్ర మానేసి ఇది వాడవచ్చా? ఇది మందా, ఆహారమా? ఇంట్లో మిగతావాళ్ళు కూడా వేసుకోవచ్చా?

మొదటి ప్రశ్నకు జవాబు ఆలస్యం చేయకూడదు. మానకూడదు తల్లీ. ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికే మానేసి ఉంటే ఇవాళ రాత్రి భోజనం కాగానే మళ్ళీ మొదలుపెట్టించండి. ఎందుకో చెబుతాను. అందుకు కొంచెం లెక్క చూడాలి. పెద్ద లెక్కేమీ కాదు, పాలవాడి ఖాతా చూసుకునేపాటి లెక్కే.

గర్భిణులకు ప్రభుత్వాసుపత్రుల్లో ఇచ్చే ఎర్ర మాత్ర ఒక్కొక్కదానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఉంటాయి. ఇక మీ డబ్బా సంగతి. ఇలాంటి మాత్ర సాధారణంగా అరగ్రాము ఉంటుంది. అరవై మాత్రలంటే మొత్తం 30 గ్రాముల పొడి. ఎండిన స్పిరులినా నూరు గ్రాముల్లో ఇనుము సుమారు 28 మిల్లీగ్రాములని ఆహార విలువల పట్టికలు చెబుతున్నాయి. అంటే మీ డబ్బా అంతటిలో కలిపి ఇనుము ఎనిమిదిన్నర మిల్లీగ్రాములు. నెల రోజులు, రోజుకు రెండు చొప్పున, ఒక్కటీ తప్పకుండా డబ్బా ఖాళీ చేసినా, ఆసుపత్రివాళ్ళు ఊరికే ఇచ్చిన ఒక్క ఎర్ర మాత్రలో ఏడో వంతు ఇనుమే ఒంట్లోకి వెళుతుంది. ఒక ఎర్ర మాత్రకు సరితూగాలంటే ఆకుపచ్చ మాత్రలు నాలుగు వందలకు పైగా మింగాలి. ఒక్క రోజులో!

కొన్ని రకాల స్పిరులినాలో ఇనుము ఇంతకంటే ఎక్కువ ఉంటుందని అమ్మేవాళ్ళు చెబుతారు. ఉండవచ్చు. పెంచే నీటినిబట్టి అది మారుతుంది. రెట్టింపే ఉందనుకోండి. అప్పుడు రెండు వందల మాత్రలు. తేడా ఏముంది?

హిమోగ్లోబిన్ గర్భిణికి 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటాం. మీ కోడలిది 8.4. ఇది తేలికపాటి లోపం కాదు. ఏడుకు తగ్గితే ఇక ఆసుపత్రిలో చేర్చవలసిన పరిస్థితి. రక్తం తక్కువగా ఉన్న తల్లికి కాన్పులో కొద్దిపాటి రక్తస్రావమైనా ప్రాణం మీదికి వస్తుంది. బిడ్డ నెల తక్కువగానో, బరువు తక్కువగానో పుట్టవచ్చు. ఇది ఒక్క మీ ఇంటి సమస్య కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. సగానికి పైన! అంచేత కాన్పుకు మిగిలిన నాలుగు నెలలలో ఒక నెల ఆకుపచ్చ మాత్రల ప్రయోగానికి ఇచ్చేస్తే, ఆ పోయిన నెల మళ్ళీ రాదు.

ఇంతకూ ఆ అమ్మాయికి పడ్డ బాధ అబద్ధం కాదు. ఇనుము మాత్రకు కొందరికి వికారం, మలబద్ధకం, కడుపులో మంట కలుగుతాయి. విరేచనం నల్లబడడం మాత్రం జబ్బు కాదు, ఒంటికి పట్టని ఇనుము రంగు అది. దానికి భయపడనక్కరలేదు. పరగడుపున వేసుకుంటే ఎక్కువ ఇనుము ఒంటికి పడుతుందన్నది నిజమే గాని, తిప్పే కడుపుతో అలా వేసుకుని వాంతి చేసుకుంటే లాభమేమిటి? రాత్రి అన్నం తిన్న గంటకు, పడుకోబోయే ముందు, నిమ్మకాయ పిండిన నీళ్ళతో వేసుకోమనండి. పాలతో వద్దు, టీతో అసలే వద్దు. టీలోని వగరు ఇనుమును పట్టి ఉంచేస్తుంది. మన ఇళ్ళల్లో అన్నం తిన్న చేతితోనే టీ గ్లాసు పట్టుకునే అలవాటు ఎక్కువ. దాన్ని గంటన్నర వాయిదా వెయ్యాలి. కాల్షియం మాత్రలు కూడా ఇచ్చి ఉంటారు, అవి వేరే పూట వేసుకోవాలి. రెండూ కలిపి మింగితే ఒకదానికొకటి అడ్డు. ఇన్ని చేసినా మాత్ర ఇమడకపోతే దాచిపెట్టకుండా ఏఎన్ఎం అమ్మకో, డాక్టరుగారికో చెప్పండి. రక్తనాళం ద్వారా ఎక్కించే ఇనుము మందులు ఉన్నాయి. నులిపురుగుల మాత్ర వేశారో లేదో కూడా అడగండి. 8.4 ఉన్నవాళ్ళకు రోజుకు రెండు ఎర్ర మాత్రలు వెయ్యమనడం కూడా ఉంది, ఆశ్చర్యపోవద్దు.

ఇక రెండో ప్రశ్న: ఇది మందా, ఆహారమా?

ఆహారమే. దాని చరిత్ర చూస్తే ఆ సంగతి బాగా తెలుస్తుంది. స్పిరులినా పొడి ఎండిన ఆకుల పొడిలా కనిపించినా అది ఆకు కాదు. ఉప్పు, సోడా గుణం ఎక్కువగా ఉన్న నీళ్ళలో, మంచి ఎండలో పెరిగే సూక్ష్మజీవి. భూతద్దంలో చూస్తే స్ప్రింగులా చుట్టలు చుట్టుకుని ఉంటుంది. మనం వాడుకలో నాచు అంటున్నాం గాని శాస్త్రజ్ఞులు దాన్ని బాక్టీరియాల కోవలో చేర్చారు. ఆఫ్రికాలో చాద్ సరస్సు ఒడ్డున కానెంబు జాతి స్త్రీలు తరతరాలుగా దాన్ని నీటి మీదనుంచి తోడి, ఇసుకలో ఎండబెట్టి, అచ్చులుగా కోసి సంతలో అమ్ముతారు. దాని పేరు దిహే. దాన్ని నలిపి, ఉప్పూ కారం వేసి పులుసు కాచి, చిరుధాన్యపు ముద్దలో నంజుకుంటారు. మనం సంగటిలోకి పులుసు పోసుకున్నట్లే అన్నమాట. 1960లలో అక్కడికి వెళ్ళిన బెల్జియం వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ లియొనార్ సంతలో ఈ పచ్చని అచ్చులను చూసి లోకానికి తెలియజేశాడు. అంతకు కొన్ని వందల సంవత్సరాల క్రితమే మెక్సికోలో ఆజ్‌టెక్ ప్రజలు టెస్కోకో సరస్సు నుంచి ఇలాంటిదే తోడి తినేవారు.

చాద్ సరస్సువాళ్ళు ఒక పూటకు పది గ్రాముల దాకా తింటారు, కూరగా. మనం డబ్బాలో కొనేది రోజుకు ఒక గ్రాము, మందుగా. తేడా అంతా ఇక్కడే ఉంది. కరపత్రం చెప్పే "అరవై శాతం మాంసకృత్తులు" అబద్ధం కాదు. నూరు గ్రాముల పొడిలో 57 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. మినుములు, కందులు, మాంసం ఏవీ దాని దరిదాపులకు రావు. కాని నూరు గ్రాములు ఎవరు తింటారు? రోజుకు రెండు మాత్రలు, అంటే ఒక గ్రాములో వచ్చే మాంసకృత్తులు అరగ్రాము కంటే కాస్త ఎక్కువ. యాభై కిలోల బరువున్న స్త్రీకి మామూలు రోజుల్లోనే రోజుకు 40 గ్రాములు కావాలి. గర్భిణికి ఇంకా ఎక్కువ. మీ ఆరు వందల రూపాయల డబ్బా మొత్తంలో ఉన్న మాంసకృత్తులు సుమారు 17 గ్రాములు. మూడు కోడిగుడ్లలో అంతకంటే ఎక్కువే ఉంటాయి. మూడు గుడ్ల ధర ఎంతో మీకు నేను చెప్పాలా?

వెయ్యి కిలోల కూరగాయల మాట కూడా చూద్దాం. కిలో స్పిరులినాలో మాంసకృత్తులు 570 గ్రాములు. కిలో మునగాకులో 60, 70 గ్రాముల మధ్య. వెయ్యి కిలోల మునగాకులో అరవై కిలోలకు పైగా! నూరు రెట్లు ఎక్కువ. ఇంత సులువుగా తేలిపోయే మాటను అచ్చువేసి పంచుతున్నారంటే మనం లెక్క చూడమని వాళ్ళకు ధీమా కాబోలు. అంతరిక్షయాత్రికుల కోసం దీని మీద పరిశోధనలు జరిగిన మాట నిజం. అంతరిక్ష నౌకలో మునగచెట్టు నాటుకునే వీలు లేదు గదా! మన పెరట్లో ఆ ఇబ్బంది లేదు.

అలాగని స్పిరులినాలో ఏమీ లేదని కొట్టిపారెయ్యడం కూడా న్యాయం కాదు. ఒక్క గ్రాములోనే పనికివచ్చేటంతగా అందులో ఉన్నది కెరొటిన్. మన ఒంట్లో ఎ విటమిన్‌గా మారే పదార్థం ఇది. మద్రాసులోని మురుగప్ప చెట్టియార్ పరిశోధనా కేంద్రం సి. వి. శేషాద్రి గారి ఆధ్వర్యంలో స్పిరులినాను తక్కువ ఖర్చుతో పెంచే పద్ధతుల మీద ఏళ్ళతరబడి పనిచేసింది. బడి ఈడు రాని పిల్లలకు రోజుకు ఒక గ్రాము చొప్పున ఇచ్చి చూసి, ఎ విటమిన్ లోపం వల్ల కంట్లో ఏర్పడే తెల్లమచ్చలు చాలామందిలో తగ్గాయని 1990లలో తెలియజేసింది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కూడా స్పిరులినా కెరొటిన్ చిన్నపిల్లల ఒంటికి బాగానే పడుతుందని 1991లో ప్రచురించారు. ఆకుకూర మొహం చూడని పిల్లవాడికి ఇది మేలే. అయితే మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు కూడా అదే కెరొటిన్ ఇస్తాయి. అదీగాక కెరొటిన్ వల్ల కంటికి మేలు కలిగిందని, అదే మాత్ర రక్తహీనతను కూడా కుదురుస్తుందనుకోవడం పొరపాటు.

ఆహారపదార్థంతో రక్తహీనత కుదరదా అంటే, కుదిరిన కథ ఒకటి ఉంది. చెప్పకుండా ఉండలేను. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చి, అక్కడి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భిణులకు వచ్చే ఒక రకం రక్తహీనతను పరిశీలించింది. మధ్యలో కొంతకాలం కూనూరు ప్రయోగశాలలో కూడా పనిచేసింది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయినది ఆ కూనూరు సంస్థే. బ్రెడ్డు మీద రాసుకునే ఈస్టు సారం, మార్మైట్, తినిపిస్తే ఆ స్త్రీలకు రక్తం పట్టిందని ఆమె 1931లో ప్రకటించింది. అందులో ఉన్న పదార్థమేమిటో తేలడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. అదే ఫోలిక్ ఆసిడ్. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి మాత్ర రూపానికి తెచ్చింది అమెరికాలోని లెడర్లే సంస్థలో ఒక బృందం. ఆ పరిశోధనలకు నాయకత్వం వహించినది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. 1945 నాటి మాట అది. అమ్మా, మీ కోడలు వద్దంటున్న ఆ ఎర్ర మాత్రలో ఉన్న ఫోలిక్ ఆసిడ్ కథ ఇది! స్పిరులినాలో కూడా అది ఉంది గాని, నూరు గ్రాముల పొడిలో నూరు మైక్రోగ్రాములైనా ఉండదు. మాత్రలో 500.

శాకాహారులకు ఒక హెచ్చరిక. స్పిరులినాలో బి12 విటమిన్ పుష్కలంగా ఉందని కొన్ని డబ్బాల మీద రాస్తారు. ఉన్నదానిలో చాలా భాగం బి12ను పోలిన నకిలీ రూపం. మన ఒంటికి అది పనికిరాదు. ఈ సంగతి 1999లో జపాను శాస్త్రజ్ఞులు తేల్చారు. కాళ్ళు తిమ్మిర్లు, నాలుక మంట, మతిమరుపు ఉన్న పెద్దవాళ్ళు స్పిరులినా వేసుకుంటున్నాంలే అని ఊరుకుంటే లోపం లోపలే ముదురుతుంది. పాలు, పెరుగు చాలినంత పుచ్చుకోవాలి. పరీక్షలో లోపం కనిపిస్తే బి12 మాత్రో, ఇంజెక్షనో వాడాలి.

మరి మీ చుట్టుపక్కల ఏమి దొరుకుతాయి? చాగలమర్రి, ఆళ్ళగడ్డ ప్రాంతపు సోదరీమణులకు నేను కొత్తగా చెప్పేదేముంది? జొన్నరొట్టె, సజ్జరొట్టె మీ వంటలే. నూరు గ్రాముల సజ్జలలో ఆరు నుంచి ఎనిమిది మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, మీ డబ్బా మొత్తంలో ఉన్నంత. ధాన్యంలోని ఇనుము అంతా ఒంటికి పట్టదు, నిజమే. రొట్టెతోపాటు ఒక నిమ్మబద్ద గాని, పచ్చి టమోటా ముక్కలు గాని తింటే ఎక్కువ పడుతుంది. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానంవారు సూర్యనంది వంటి మేలైన కొర్ర రకాలను రూపొందించి రైతులకు ఇచ్చారు. పక్కనే పండే ఆ కొర్రలు ఇప్పుడు పట్నం అంగళ్ళలో అందమైన సంచుల్లో కనిపిస్తున్నాయి గాని, పండించిన ఇంట్లో మాత్రం రేషను బియ్యమే ఉడుకుతున్నది. గుప్పెడు వేరుసెనగ గింజలు, అంటే 30 గ్రాములు, ఏడు గ్రాముల మాంసకృత్తులను ఇస్తాయి. చెంచాడు నువ్వులలో ఉన్న కాల్షియం కోసం నూరు గ్రాముల స్పిరులినా తినాలి. కందిపప్పులో మునగాకు వేసి వండడం, ఉలవచారు, మాంసం తినేవాళ్ళయితే వారానికి ఒకటి రెండుసార్లు కాస్త మేక కార్జం, అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డూ పాలూ. ఆ గుడ్డు ఇంటికి తెచ్చి మనవడికి పెట్టేయకండి. అది కోడలికి ఇచ్చిన గుడ్డు. ఈ మాట ఉత్తరం రాసిన సోదరిని ఉద్దేశించి అనడం లేదు, చాలా ఇళ్ళలో జరుగుతున్నది కనుక అంటున్నాను. కార్జం మాత్రం గర్భిణికి రోజూ పెట్టవద్దు, ఎ విటమిన్ మోతాదు మించుతుంది.

మూడో ప్రశ్న, ఇంట్లో మిగతావాళ్ళ సంగతి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు రోజుకు ఒకటి నుంచి మూడు గ్రాముల వరకు పుచ్చుకుంటే సాధారణంగా హాని లేదు. మొదట కొద్దిగా మొదలుపెట్టాలి. కొందరికి కడుపుబ్బరం, తలనొప్పి రావచ్చు. పొడి అయితే మజ్జిగలోనో, నిమ్మరసంలోనో కలుపుకోండి. చెరువు వాసన వేస్తుంది, దానికి నిమ్మరసమే విరుగుడు. దోసెపిండిలో కలిపి పెనం మీద కాల్చేవాళ్ళున్నారు. దోసె పచ్చగా అందంగా వస్తుంది గాని వేడికి అందులోని నీలిరంగు పదార్థం చెడిపోతుంది. డబ్బా మూత బిగించి, ఎండ తగలనిచోట పెట్టుకోవాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరు చెప్పకుండా వాడవద్దు. వాళ్ళకు ఏ ఇబ్బందీ లేదని గట్టిగా చెప్పగలిగినంత పరిశోధన జరగలేదు. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవాళ్ళు, గౌటు అనే కీళ్ళవాతం ఉన్నవాళ్ళు, సొంత రోగనిరోధక శక్తే ఒంటిమీద తిరగబడే లూపస్ వంటి జబ్బులున్నవాళ్ళు, ఫినైల్‌కీటోనూరియా అనే పుట్టు జబ్బున్న పిల్లలు దీని జోలికి పోకూడదు. షుగరు, రక్తపోటు మందులు మానేసి దీనితో సరిపెట్టుకోవడం మరీ ప్రమాదం. కొనేటప్పుడు డబ్బా మీద ఆహార భద్రతా సంస్థవారి పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు, తయారైన తేదీ ఉన్నాయేమో చూడండి. మందుగా వాడడానికి కాదు అన్న మాట కూడా దానిమీద అచ్చయి ఉండాలి. ఆ మాట చిన్న అక్షరాలలో ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకుని చూడాలి. శుభ్రమైన తొట్లలో, పరీక్షలు చేస్తూ పెంచినదే మంచిది. ఇతర నాచులు కలిస్తే కాలేయాన్ని దెబ్బతీసే విషాలు చేరవచ్చు, నీటిలోని సీసం వంటి లోహాలను కూడా ఇది పీల్చుకుంటుంది. అంచేత ఊరి చెరువులోనో కె.సి. కాలువలోనో తేలే పచ్చని పాకుడు చూసి, ఇదీ అదే గదా అని ఎవరూ తోడి ఎండబెట్టవద్దు. అది ఇది కాదు.

మీరు కొన్న డబ్బా వృథా అయిందని బాధపడకండి తల్లీ. గౌటు వగైరాలు లేకపోతే మీరే రోజుకు రెండు చొప్పున మజ్జిగతో వేసుకోండి. చుట్టమాయనకు చెడుగా చెప్పినట్టూ ఉండదు. కోడలికి మాత్రం ఎర్ర మాత్రే. కాన్పు అయ్యాక కూడా ఆరు నెలలు ఆపకూడదు. నెల తిరగ్గానే మళ్ళీ రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ ఒక గ్రామైనా పెరిగి ఉండాలి. పెరగకపోతే అక్కడితో ఊరుకోక నంద్యాల పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి. ఎంత వచ్చిందో నాకు ఒక ఉత్తరం ముక్క రాయండి.